కండెల లెక్క

మన పత్రికలో సాధారణముగా రేషము ధర, జరీ ధర, వచ్చిన రిబేటు, రాని రిబేటు, వీటిని గురించే వ్రాయుట వాడుక. ఈ నెల కూడ అవే వ్రాయవలెనని కాగితము తీసుకొని కూర్చున్నాను. కాని మా సంఘములో రెండు నెలలుగా నలుగుతున్న ఒక సంగతి మనసులో మెదలుచుండగా ధరల పట్టిక వ్రాయుటకు చేయి రాలేదు. సంగతి ఒక తల్లిది. ఆమె పేరు గాని, ఊరు గాని చెప్పను. పావగడ తాలూకాలో వై.ఎన్. హొసకోట వైపు పట్టుచీరలు నేసే ఇండ్లలో అది ఏ ఇల్లైనా కావచ్చును. చదివినవారిలో కొందరు తమ ఇల్లే అనుకొన్నా తప్పు లేదు.

ఆ ఇంట రెండు మగ్గాలు. ఒకదానిపై తండ్రి, రెండవదానిపై పెద్ద కొడుకు. చిన్నవాడు బెంగుళూరులో కారు నడుపుచున్నాడు. కోడలికి చంటిబిడ్డ. తల్లికి యాభై ఎనిమిదేండ్లు. రెండు మగ్గాలకు కావలసిన పేక కండెలన్నీ ఆమె ఒక్కతే చుట్టవలెను. పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును అచ్చు దగ్గర పోగు పోగు కలిపి అతికేదీ ఆమెయే. తెల్లవారుజామున నీళ్ళు, కసువు, వంట. ఆ తరువాత రాట్నము. మధ్యాహ్నము మరల వంట, మరల రాట్నము. మనకు తెలియనిది ఏమున్నది? మన అమ్మలందరి దినచర్య ఇదే గదా.

రెండేండ్ల నుండి ఆమె కండ్లకు పొర కమ్ముతున్నది. పావగడలో శ్రీ రామకృష్ణ సేవాశ్రమము వారు కంటి ఆపరేషన్లు ఉచితముగా చేయిస్తారని మన తాలూకాలో చిన్నపిల్లలకు కూడ తెలుసును. ఎందరో ముసలివారు పోయి చూపు తెచ్చుకొన్నారు. కాబట్టి ఆ ఇంట డబ్బుకు అడ్డు లేదు. అడ్డు వచ్చినది పది దినములు. ఆపరేషను అయిన తరువాత కొన్నాళ్ళు కంటికి పని పెట్టకూడదు. అన్నాళ్ళు కండెలు ఎవరు చుట్టేది? ఉగాది పోనీ అన్నారు, పెండ్లిండ్ల సీజను పోనీ అన్నారు, దసరా పోనీ అన్నారు. ఆమె కూడ సరేనన్నది. మన ఆడవారికి సరేననుట పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఇట్లుండగా ఒకనాడు పెద్ద కొడుకు నేసిన చీర సంఘానికి వచ్చినది. ముదురు మెరూను చీర. ఒడిలో మడత విప్పి వెలుతురుకు పట్టి చూస్తే నడుమ జానెడు పట్టీ వేరే చాయ. రెండు వేర్వేరు రంగు పాత్రలలో అద్దిన చిలపలు కలిసిపోయినవి. కండె చుట్టినవారి కంటికి ఆ తేడా ఆనలేదు, నేసినవాడు దీపము వెలుగులో గమనించలేదు. నియమము ప్రకారము నేను కూలిలో కోత వేసినాను. కోత వేసిన చేయి నాదే అని ఇక్కడనే ఒప్పుకొంటున్నాను.

ఆ సాయంత్రము ఇంటి ముందర, నలుగురు వినేటట్లు, ఇంటాయన కేక వేసినాడట. "తిని కూర్చునేదానికి ఈ పని గూడా చేతగాకపోయె" అని. నలభై ఏండ్ల సంసారములో ఇంతకన్న పెద్ద మాటలు ఆమె ఎన్నో పడి ఉంటుంది. ఈ మాటే ఎందుకు తగిలినదో ఆమెకే తెలియాలి.

మరునాడు ఉదయము ఆమె రాట్నము తుడిచి, మాల విప్పి చుట్ట పెట్టి, గోడకు ఆనించినది. వంట చేసినది, మనవడికి అన్నము తినిపించినది. తరువాత అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. పదిగంటలకు మగ్గములో నుండి ఇంటాయన "కండెలేవీ?" అని అడిగినాడు.

"తిని కూర్చునేదాన్ని గదా. తింటి, కూర్చుంటి" అన్నది.

మొదటి దినము ఇది కోపమని అనుకొన్నారు. రెండవ దినము రెండు మగ్గాలూ ఆగినవి. కోడలిని చుట్టమన్నారు. ఆ పిల్ల బిడ్డను చంకన వేసికొని, "నాకు రాదు మామా" అన్నది. వచ్చునో రాదో నాకు తెలియదు. ఆనాడు రాదనుట ఆమె అత్తకు చేసిన సాయమని నా అనుమానము. మూడవ దినము పక్క వీధిలో ఒకామె చేత చుట్టించినారు. చీరకు రెండు వందల రూపాయలు అడిగినది, ఇచ్చినారు. బేరము కూడ ఆడలేదు. నాలుగవ దినము తండ్రీ కొడుకులిద్దరూ సంఘము ఆఫీసుకు వచ్చినారు.

"అన్నా, నువ్వు జెప్తే అమ్మ వింటాది. ఒక మాట జెప్పు" అన్నాడు కొడుకు.

నేను బుద్ధి చెప్పుటకే పోయినాను. ఈ మాట దాచుట ఎందుకు? ఇంటి గుట్టు, సంసారము, నలుగురిలో నవ్వుబాటు, ఇట్టి మాటలు దారిలోనే కూడబెట్టుకొని పోయినాను. ఆమె నాకు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, లోపలికి పోయి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టినది. మూత తీస్తే నిండా చింతపిక్కలు.

"ఇవి ఏమి పెద్దమ్మా?" అన్నాను.

"నాకు రాసేకి రాదు గదా నాయనా. దినామూ రెండు పూటలా రాట్నం ముందర కూర్చుంటా. పూటకొక పిక్క. మొన్న సంక్రాంతి నుంచి ఏసినా. నువ్వు లెక్కబెట్టు."

నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టనక్కరలేదు. అది దసరా ముందరి మాట. సంక్రాంతి నుండి దసరా వరకు ఎన్ని పూటలో క్యాలెండరు చెప్పగలదు. ఆమె మరల అన్నది: "మీ పుస్తకంలో ఆయప్ప పేరుంది, పిల్లోడి పేరుంది. నా పేరు యాడుంది? ఆ కోత కోసినావే, అది ఎవురి తప్పుకు కోసినావు? నా తప్పుకు గదా. తప్పు నాదైతే కూలి గూడా నాదుండల్ల."

ఈ ప్రశ్నకు మెట్రిక్ వరకు చదివిన నా చదువులో గాని, ఇరవై ఏండ్ల సంఘము ఉద్యోగములో గాని జవాబు దొరకలేదు. తప్పు జరిగినప్పుడు కండె చుట్టిన చేయి మనకు కనబడినది. చీర బాగున్నప్పుడు అది ఎన్నడూ కనబడలేదు.

ఆమె అడిగినవి మూడే. కంటి ఆపరేషను, దానికి పది దినముల విరామము. కండెలు చుట్టిన కూలి, బయటామెకు ఇచ్చిన ధరకే, తన సొంత బ్యాంకు ఖాతాలో. సంఘము పుస్తకములో తన పేరు.

మొదటిదానికి ఎవరూ కాదనలేదు. ఇన్నాళ్ళు ఎందుకు చేయించలేదో అని తలలు వంచుకొన్నారు. రెండవదానికే పెద్ద రగడ. "కన్నతల్లికి కూలి ఇచ్చేదా? ఊరంతా నవ్వుతాది" అని కొడుకు లేచినాడు. ఆమె వెంటనే, "పక్కీదామెకు ఇస్తివే, అప్పుడు నవ్వలేదే ఊరు" అన్నది. ఇంటాయన మాత్రము, "ఇంట్లో అందరిదీ ఒకే మూట. దీంట్లో నీది నాది ఏముంది?" అన్నాడు. వినుటకు ఇది మంచి మాటే. కాని ఆ మూట ముడి ఎవరి చేతిలో ఉన్నదో చూడవలెను. కర్ణాటక ప్రభుత్వము 2023 ఆగస్టులో గృహలక్ష్మి పథకము మొదలుపెట్టి ఇంటి యజమానురాలి ఖాతాలో నెలకు 2,000 రూపాయలు వేయసాగినది. ఆ ఇంట ఆ సొమ్ము ఖాతాలో పడిన దినమే కొడుకు మోటారు సైకిలు వాయిదాకు పోయేది. ఆమె ఏటీఎం కార్డు ఆమె చేత ఒక్కసారి కూడ పట్టలేదు.

కాగితము మీద పేరు లేనివాని గతి మన తాలూకాకు కొత్త పాఠము కాదు. తిరుమణి, వళ్ళూరు ప్రాంతములోని ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినది. 2018లో ప్రారంభమై 2019 ఆఖరుకు పూర్తి అయినది. రైతుల భూమిని కొనక, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకసారి పెరిగేటట్లు, కౌలుకు తీసుకొన్నారు. పట్టా ఎవరి పేరనున్నదో కౌలు వారికే. ఆ చేలలో వేరుసెనగ కలుపు తీసిన ఆడకూలీలకు పట్టాయూ లేదు, కౌలూ లేదు, తరువాత కూలి కూడ లేదు. పద్దులో లేని చేయి పనిలో ఎంత ఉన్నా, పంపకము నాడు లేనట్లే.

మన నేతలో సంగతి ఇంకా చిత్రము. నాల్గవ అఖిల భారత చేనేత గణన 2019-20లో జరిగినది. అందులో దేశములో చేనేత పనివారు 35 లక్షల 22 వేల మంది అని తేలినది. నేసేవారు 26 లక్షల 73 వేలు, కండెలు చుట్టుట, పడుగు పోయుట, అద్దకము మొదలైన అనుబంధ పనులవారు 8 లక్షల 48 వేలు. మొత్తములో నూటికి 72 మంది వరకు స్త్రీలే. అనుబంధ పనివారికి కూడ నేతవారితో పాటు గుర్తింపు కార్డులు ఇయ్యవలెనని ఆ గణనలోనే ఏర్పాటు. ఇంతవరకు బాగున్నది. అయితే గణన చేసేవారు మా సంఘము వసారాలో కూర్చున్నప్పుడు ఇంటింటి వివరము చెప్పినది ఎవరు? మగవారు. పక్కన కూర్చొని సాయపడినది నేను. "మీ ఇంట పని చేసేవారెందరు?" అంటే "ఇద్దరము" అన్నారు తండ్రీ కొడుకులు. నేను కూడ "ఇద్దరే సార్" అని తల ఊపినాను. ఆ ఇంటికి ఎన్నో మార్లు పోయి, ఆమె చుట్టుచున్న రాట్నము పక్కనే కూర్చొని కాఫీ త్రాగినవాడనే నేను.

ఇంటిపనికి విలువ కట్టుట అసాధ్యమని కొందరు పెద్దలు అంటారు. కోర్టులు ఇరవై ఏండ్లకు పైగా కడుతూనే ఉన్నవి. జంషెడ్‌పూరులో 1989లో జరిగిన అగ్నిప్రమాదము కేసులో, చనిపోయిన గృహిణుల సేవకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టి నష్టపరిహారము లెక్కించవలెనని సుప్రీంకోర్టు 2001లో చెప్పినది. 2021 జనవరి 5న మరియొక ప్రమాదము కేసులో, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరములో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణగారు, ఇంటిలో ఆడవారు చేసే పనికి ఆర్థిక విలువ లేదనే తలంపే తప్పని విడిగా తీర్పు వ్రాసినారు. అందులో 2019 కాలవినియోగ సర్వే లెక్కను చూపినారు. ఇంటిపని చేసే స్త్రీ దినానికి 299 నిమిషములు దానికి వెచ్చిస్తే, చేసే పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నాడు. 2024లో మరల సర్వే చేసినారు. ఆడవారిది 289కి దిగినది, మగవారిది 88కి దిగినది. ఐదేండ్లలో ఆడవారికి తగ్గిన పది నిమిషములను మగవారు పంచుకొనలేదని దీనివలన తెలియుచున్నది. ఎవరు పంచుకొన్నారో? మిక్సీ కావచ్చును.

ఈ తీర్పులలో ఒక లోపము మా సంఘము మీటింగులో ఒక సభ్యుడు ఎత్తి చూపినాడు. "చచ్చిపోతేనే గదా విలువ కట్టేది. బతికుండగా ఎవురు కట్టినారు?" అని. అతనికి నేను మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినాను. అది కూడ ఒక తల్లి కథయే. భర్త ఎన్నో ఏండ్లు సౌదీ అరేబియాలో పని చేసి డబ్బు పంపినాడు. ఇల్లాలు ఇక్కడ ముగ్గురు పిల్లలను పెంచి, సంసారము నడిపి, ఆ డబ్బుతో ఆస్తి కొన్నది. ఆయన తిరిగి వచ్చి, సొమ్మంతా నాది, నీకేమీ లేదని 1995లో దావా వేసినాడు. ఆయన గతించిన తరువాత ఆ వ్యాజ్యము పిల్లల చేతికి వచ్చినది. ఆ తల్లి తన కడుపున పుట్టినవారికి ఎదురుగా నిలబడవలసి వచ్చినది. 2023 జూన్ 21న జస్టిస్ కృష్ణన్ రామస్వామిగారు తీర్పు ఇచ్చినారు. ఇల్లాలు ఇల్లు చూచుకొనబట్టే భర్త దూరదేశములో నిశ్చింతగా సంపాదించగలిగినాడు, కాబట్టి ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకు సగము హక్కు ఉన్నదని. దావా పడిన నాటి నుండి ఇరవై ఎనిమిదేండ్లు. ఇది పొరుగు రాష్ట్రము హైకోర్టు తీర్పు. దీనిని పట్టుకొని రేపే మన ఇండ్లలో పంపకాలు జరుగుతవని నేను చెప్పను, ఎవరూ అట్లు ఆశపెట్టవద్దు.

అసలు మన తల్లుల విషయము దీనికన్న సులువు. వంటకు విలువ కట్టుట కష్టము కావచ్చును. కండెకు ధర ఉన్నది. బజారులో ఉన్నది. పక్క వీధిలో ఉన్నది. కండె చుట్టుట ఇంటిపని కాదు, నేతపని. నాడెలో కండె లేనిదే చీరలో ఒక్క పోగు కూడ పడదు. దీనిలో మన వృత్తికి కూడ ఒక నష్టము దాగి ఉన్నది, దానిని నేను ఇన్నాళ్ళు గమనించలేదు. చీరకు ధర కట్టునప్పుడు రేషము ఇంత, జరీ ఇంత, అద్దకము ఇంత, నేత కూలి ఇంత అని వ్రాస్తాము. కండెల కూలి గడి ఖాళీ. షావుకారు బేరము చేసినా, ప్రభుత్వ సంస్థ ధర నిర్ణయించినా, మన లెక్కలోనే లేని ఖర్చును వారు ఎందుకు ఇస్తారు? ఆడవారిని మనము మోసపుచ్చితిమని సంతోషించితిమి, ఆ మోసము మన చీర ధరలోనే కూర్చున్నది. మరమగ్గాల చీరతో పోటీ పడలేకున్నామని మొరపెట్టుకొనే మనము, మన చీర నిజముగా ఎంత పడుచున్నదో ఏనాడూ లెక్క వేయలేదు.

ఆ రాత్రి ఇంటికి పోయి ఇదంతా నా భార్యకు చెప్పినాను. ఆమె అంతా విని, "బాగుంది. మన అత్త చనిపోయే వరకు చుట్టింది గదా, ఆయమ్మకు ఎంత ఇచ్చినారు?" అని అడిగి దీపము ఆర్పినది.

మా పాలకవర్గములో ఈ విషయము పెట్టినప్పుడు తేలికగా సాగలేదు. బైలాలో నేత పని గాని దాని అనుబంధ పని గాని చేయు వయోజనులు సభ్యులు కావచ్చునని ఎప్పటినుండో ఉన్నది. ఎవరూ ఆ వాక్యము చదవలేదు, నాతో సహా. ఇద్దరు సభ్యులు వ్యతిరేకించినారు. ఒకరు, రేపు అందరి ఆడవారూ వస్తే ఓట్ల లెక్క మారుతుందని నిజము చెప్పినారు. మరియొకరు, ఇంటిలో చిచ్చు పెట్టుట సంఘము పని కాదన్నారు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. వాస్తవముగా ఆ ఇంట చిచ్చు ఉన్నది. చిన్న కొడుకు బెంగుళూరు నుండి ఫోను చేసి, "అమ్మకు ఎవరో నేర్పిస్తాండారు" అని నన్నే నిలదీసినాడు. నేను నేర్పలేదని చెప్పినా నమ్మలేదు. తల్లికి తనంతట తానుగా ఒక ఆలోచన వస్తుందనుట అతనికి నమ్మశక్యము కాలేదు. చివరకు చేతులెత్తించగా ఆమె పక్షమే నెగ్గినది. వాటా సొమ్ము ఆ నెల గృహలక్ష్మి డబ్బులో నుండి ఆమెయే కట్టినది. కార్డు అప్పటికే కొడుకు చేతి నుండి తీసుకొన్నది.

కోర్టు దాకా పోవలెనని ఆమె అనలేదు. కాని అడిగితే నేను చెప్పగలిగేటట్లు తెలుసుకొని ఉంచినాను. తల్లిదండ్రుల పోషణ చట్టము 2007లో వచ్చినది. పోషణ జరగని తల్లి మదుగిరిలోని అసిస్టెంట్ కమిషనరు వద్ద అర్జీ ఇయ్యవచ్చును, ప్లీడరు అవసరము లేదు. చూచుకొంటామనే షరతు మీద ఆస్తి వ్రాయించుకొని చూడకపోతే ఆ పత్రమును రద్దు చేయించవచ్చును. షరతు పత్రములో వ్రాసి ఉంటే మంచిది. నోటిమాటను నమ్మి ఇల్లు వ్రాసి ఇచ్చిన తల్లులను నేను చూచినాను. 1956 హిందూ వారసత్వ చట్టము ప్రకారము భర్త వీలునామా లేక గతిస్తే, ఆయన ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటా భార్యకు ఉన్నది. ఇవి కన్నడములో అచ్చయి ఆఫీసు గోడల మీద ఉంటవి. ఇంట తెలుగు మాట్లాడి, ఏ లిపీ చదవరాని మన తల్లులకు అవి గోడకు అంటించిన కాగితములు మాత్రమే.

ఆపరేషను జరిగినది. ఒక కన్నే, రెండవది తరువాత చేయిస్తారు. ఆ పది దినములు పెద్ద కొడుకే కండెలు చుట్టినాడు. మొదటి రెండు దినములు అతని కండెలు వదులై నాడెలోనే జారి చిక్కుపడినవి. తండ్రి మగ్గములో నుండి అరిచినాడు. అతడు నా దగ్గరికి వచ్చి, "ఇంత కష్టమని తెలీదన్నా" అనలేదు. కథలలో అంటారు. అతడు అన్నది, "నడుము పట్టేసింది" అని మాత్రమే. ఇంటాయన ఆమెతో ఇంకా ముభావముగానే ఉన్నాడు. అయితే చిలపలు తెచ్చి రాట్నము దగ్గర పెట్టేటప్పుడు ఇప్పుడు లెక్క చెప్పి పెడుతున్నాడు. మునుపు విసిరివేసేవాడు.

మొదటి నెల కూలి ఖాతాలో పడినప్పుడు ఆమె పాసుబుక్కు తెచ్చి నా చేత రెండు మార్లు చదివించుకొన్నది. చింతపిక్కల డబ్బా కూడ వెంట తెచ్చినది. ఇప్పుడు పుస్తకములో వ్రాస్తున్నాము గదా, ఇది ఎందుకు పెద్దమ్మా అని అడిగితే, "అది నువ్వు రాసేది నాయనా, ఇది నేను ఏసేది. రెండూ సరిపోవల్ల గదా" అన్నది. సరిచూచినాము. మా పుస్తకములో నాలుగు పూటలు తక్కువ వచ్చినవి. దిద్దినాను.

ఆమె తరువాత మా సంఘానికి ఇంకా ఏడు అర్జీలు వచ్చినవి. కండెలు చుట్టేవారు, పడుగు అతికేవారు ఎవరైనా సభ్యత్వము కోరితే సోమవారము ఉదయము ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, రెండు ఫోటోలు తీసుకొని ఆఫీసుకు రావలెను. ఫారము కన్నడములో ఉన్నది, నేను చదివి తెలుగులో చెబుతాను. భర్తల చేత గాని కొడుకుల చేత గాని పంపవద్దు. మీరే రండి.